పాసింజర్లో వచ్చిన గొంతు

"తెర పోయింది బాబూ" అన్నారు దాలినాయుడు మాస్టారు
సీపీయూని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని,
ఆటో దిగకుండానే.

బొబ్బిలి స్టేషను రోడ్డులో
ఎనిమిదడుగుల వెడల్పు నా కొట్టు.
తీగలు తగిలించాను.
తెర నిక్షేపంలా వెలిగింది,
పచ్చటి కొండ, దాని మీద ఒకటే మబ్బు.
"బాగానే ఉందండీ" అన్నాను.
ఆయన నల్లకళ్ళద్దాలు నావైపు తిప్పి
"ఏటి బాగుంది? ఉలుకూ నేదు, పలుకూ నేదు" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు
ఆయన తెర ఎక్కడుందో.

మొన్న రాత్రి పిడుగు.
వాళ్ళ వీధిలో రెండు టీవీలు, ఒక బోరు మోటారు,
మాస్టారి మదర్‌బోర్డు మీద గోరంత చిప్పు.
వేలు పెడితే సుర్రుమంది.
బోర్డుతోపాటే పుట్టిన గొంతండీ,
విడదీసి మార్చేది కాదు అన్నాను.
"ఏకాండి వీణన్నమాట."
వాళ్ళన్నయ్య గొల్లపల్లిలో పనసదుంగ తొలుస్తాడు.
"కుండ బీటిస్తే అతుకు పలకదు. మరేటి చేస్తావు?"

సొరుగులో ఒక పాత కార్డుంది,
పెళ్ళి వీడియోల కొట్టు ఎత్తేస్తుంటే కొన్నది.
తీరా చూస్తే గాడి కలవలేదు.
దీనిది పొడుగు, దానిది పొట్టి.
రెండింటిదీ పాటే, అయినా
బలవంతపెడితే రెండూ విరుగుతాయి.
విజయనగరం ఫోను చేశాను.
"సరిపడేది ఉంది. రాయగడ పాసింజర్లో మావాడొస్తున్నాడు,
మూడో పెట్టె, ఎర్రచొక్కా" అన్నాడు సన్నిబాబు.

పాసింజరు గంటన్నర లేటు.
మాస్టారు బల్ల మీంచి కదల్లేదు.
శనివారం తొమ్మిదో తరగతికి సోషల్ పేపరట,
సగంలో ఆగింది.
"నువ్వు చదువు, నేను కొడతాను."

చదివాను.
నాలుగో ప్రశ్న, కామా, ఖాళీ, రెండు మార్కులు.
ఆయన వేళ్ళు రేకు మీద వానలా పడుతున్నాయి,
వెనకబడుతున్నది నేనే.
పెన్‌డ్రైవు కోసం ఎవడో కుర్రాడొస్తే
అటు తిరిగాను.
ఇటు ఆయన చేతులు గాల్లో ఆగిపోయాయి
కరెంటు తీసేసినట్టు.
కరెంటు నేనేనని
అప్పటిదాకా నాకు తెలీదు.

ఏడింటికి కార్డొచ్చింది,
పాత పేపరు చుట్టి, రబ్బరు బాండు వేసి.
మాస్టారు తనే పెడతానన్నారు.
చూపుడువేలితో గాడి వెతికి
బంగారు పళ్ళు ఒక్కసారి తడిమి
బొటనవేలితో అదిమారు. టక్.
"కూకుంది."

ఇంకొక్కటి మిగిలింది.
పాత గొంతుని లెక్కలోంచి తప్పించాలి,
లేకపోతే కంప్యూటరు
ఇంకా దాని పిలుపుకోసమే చూస్తుంటుంది.
నీలం పేజీలోకెళ్ళి ఆ వరస దగ్గర ఆగాను.
"ఏటి రాసుంది?"
ఎనేబుల్డ్ అండీ.
"మార్చీ."
మార్చాను.
"ఇప్పుడో?"

స్క్రూలు ఏరుతున్నట్టు చప్పుడు చేశాను.

"చదవవేటి?"
డిసేబుల్డ్, అన్నాను
గొంతులో కాస్త తగ్గించి.
మాస్టారు బల్ల కదిలేలా నవ్వారు.
"నా సర్టిఫికెట్టులోనూ అదే మాట.
పక్కన నూరు శాతమని స్టాంపు కూడాను.
దీనికి శాతం వెయ్యలేదేటి?
సేవు చేసీ."

గొంతు వచ్చింది.
ఆడమనిషి గొంతు, తాటాకు మంటలా చిటపటలాడుతూ
ఊపిరి తీసుకోని పరుగు.
నాకొక్క ముక్క అందలేదు.
ఆయనకి మూడు తప్పులు దొరికాయి,
మూడూ నేను చదివిన చోటే.

"పాతదాన్ని పీకీసావా?"
కుదరదండీ. లోపల అలాగే ఉంటుంది.
"ఉండనీ. దాని చోటు దానిది."

తర్వాత ఆయన చెయ్యి చాచి
మానిటరు అంచు తడుముకుంటూ మీట దాకా వెళ్ళి
"ఉత్తినే వేడెక్కుతోంది" అని
ఆర్పేశారు.
కొండా పోయింది, మబ్బూ పోయింది.

గొంతు చదువుతూనే ఉంది.
మాస్టారు తలాడిస్తూ ఎక్కడో ఐదో ప్రశ్న దిద్దుతున్నారు.
నేను ఆ నల్లటి అద్దం ముందు
ఏ వరస మీదున్నామో తెలీక
స్క్రూడ్రైవరు పట్టుకుని నిల్చున్నాను.